రైలు పోస్టర్లకు ఒక గోడ

సొంత ఇంట్లోకి వచ్చి పద్నాలుగు నెలలైనా గోడలకు ఒక్క మొల కూడా కొట్టలేదన్న సంగతి మేం గమనించలేదు. గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి చెప్తే తెలిసింది. ఖాళీ సిలిండర్ భుజాన వేసుకుని హాల్లోంచి పోతూ అతను నాలుగు వైపులా చూసి ఆగాడు.

"ఏంది సార్, ఖాళీ చేస్తున్నరా?"

"ఎందుకట్ల అడిగినవ్?"

"గోడలకు ఏం లేవు గద సార్. సామాన్ కట్టిండ్రేమో అనుకున్న."

అతను పోయాక నేనూ చూశాను. క్యాలెండర్ కిటికీ ఊచకు దారంతో కట్టి ఉంది. గడియారం ఫ్రిజ్ మీద ఉంది. అద్దం వాష్‌బేసిన్ పక్కన గూట్లో గోడకు ఆనించి ఉంది. దేవుడి పటాలు అల్మారా అరలో వరుసగా నిలబడి ఉన్నాయి. నా చొక్కాలు తలుపు గడియకు వేలాడుతున్నాయి. ఇల్లు మా పేరు మీద రిజిస్టర్ అయింది, మేం మాత్రం ఇంకా కిరాయికే ఉన్నాం.

మేకును మా వైపు మొల అంటారు. నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ కిరాయి మాట్లాడేటప్పుడు ఇంటి ఓనర్ చెప్పే మొదటి మాట నీళ్ల గురించి, రెండోది మొలల గురించి. "గోడలకు మొలలు కొట్టొద్దు. ఉన్నవాటికే తగిలేసుకోండ్రి." ఆ ఉన్నవి ఎప్పుడూ మనకు కావలసిన చోట ఉండవు. బోధన్‌లో ఒక ఇంట్లో మొలలన్నీ ఒకే గోడకు, నా తల కంటే ఎత్తులో ఉండేవి. మాకంటే ముందున్నవాళ్లు బాగా పొడుగు మనుషులై ఉంటారు. తేదీ చూడాలంటే నా భార్య స్టూలు ఎక్కేది. జగిత్యాలలో ఇంటి ఓనరమ్మ నెలకోసారి వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ గోడలను అరచేత్తో తడిమి పోయేది. అట్లా పదకొండు ఇళ్లు. మొల కొట్టకూడదన్నది మాకు అలవాటై, అది అలవాటన్న సంగతే మరిచిపోయాం.

నాది పత్రిక ఉద్యోగం. ఇప్పుడు ఇల్లు తీసుకున్న ఈ మెదక్‌లోనే విలేకరిగా మొదలుపెట్టాను. వార్తలు తెల్లకాగితం మీద రాసి, కవర్లో పెట్టి, మధ్యాహ్నం హైదరాబాద్ పోయే బస్సు డ్రైవర్ చేతికిచ్చి బతిమాలుకునే రోజులవి. తర్వాత స్టాఫ్‌లోకి తీసుకున్నారు, డెస్క్ మీద కూర్చోబెట్టారు. అక్కణ్నుంచి ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి పంపేవాళ్లు. నిజామాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం. బదిలీ కాగితం వచ్చిన వారం లోపల కొత్త డెస్క్ మీద ఉండాలి. ఇల్లు వెతకడం, సామాను కట్టడం, విప్పడం నా భార్య పని.

ఆమె కుట్టు పని చేస్తుంది. జాకెట్లు, పిల్లల గౌన్లు, ఫాల్స్. కొత్త ఊరికి పోయిన ప్రతిసారీ గిరాకీ మొదటి నుంచి పట్టుకోవాల్సిందే. మొదటి ఆర్నెల్లు ఎవరూ నమ్మి బట్ట ఇవ్వరు. ఒకరిద్దరు అత్తెసరు గుడ్డ తెచ్చి పరీక్ష పెడతారు. అవి బాగుంటే పెండ్లి జాకెట్ వస్తుంది. గల్లీలో పేరు పడి, గడపలో ఆడవాళ్లు కూర్చునే వేళకు నా బదిలీ కాగితం వచ్చేది. ఆమె దగ్గర పదకొండు పాత కొలతల పుస్తకాలున్నాయి. ఇంటికొకటి. పొడవు, భుజం, ఛాతీ, చెయ్యి, మెడ లోతు. ఊరు దాటాక ఆ కొలతలు ఎవరికీ పనికిరావు. అయినా పారేయలేదు. సామాను కట్టేటప్పుడు అన్నిటికంటే ముందు వాటినే మూటగట్టేది.

నేను కట్టుకునేది ఒక రేకు గొట్టం. అందులో రైలు పోస్టర్లు ఉండేవి, అంటే ఫలానా ఊరు చూడ రమ్మని రైల్వేవాళ్లు ఒకప్పుడు అచ్చేసిన బొమ్మలు.

మొదటిది అక్కన్నపేట స్టేషన్లో దొరికింది. అప్పుడు మెదక్‌కు రైలు లేదు. రైలు కావాలంటే జీపులో కిక్కిరిసి అక్కన్నపేటకో మిర్జాపల్లికో పోవాలి. స్టేషన్‌కు సున్నం వేస్తూ వెయిటింగ్ రూంలో ఉన్న పాత చెక్క చట్రాలు తీసి బయట పడేశారు. ఒక చట్రంలో అద్దం పగిలి ఉంది, దాని వెనక ఒక కొండ పోస్టర్ ఉంది. "ఇది తీస్కపోవచ్చా?" అని స్టేషన్ మాస్టర్‌ను అడిగాను. "చెత్తను తీస్కపోతనంటే ఎవలు వద్దంటరు?" అన్నాడాయన. కాగితం మడతల దగ్గర పగిలి, ఒక మూల చెదలు కొట్టి ఉంది. దాన్ని మందపాటి కాగితం మీద మైదా జిగురుతో నేనే అంటించాను. మైదాకు పురుగు పడుతుందని, అలా చేయకూడదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ తర్వాత హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌ పాత సామాన్ల సంతలో తుప్పుపట్టిన తాళాల మధ్య ఇంకొకటి దొరికింది. మిగతావి అసలైనవి కావు, పాతవాటిని చూసి మళ్లీ అచ్చేసినవి. ఎగ్జిబిషన్లలో, ఫుట్‌పాత్‌ల మీద కొన్నాను. మొత్తం తొమ్మిది. ఒకదాంట్లో సముద్రం, ఒకదాంట్లో కోట, ఒకదాంట్లో జలపాతం, ఒకదాంట్లో వంతెన మీద రైలు. అన్నింట్లోకీ నాకు ఇష్టమైంది అక్కన్నపేట కొండే. నీలం కొండ, వెనక మంచు కొండ, వాటి పాదాల దగ్గర వేలిగోరంత ఎర్ర రైలు. పైన సగం కాగితం ఆకాశం. కింద ఊరి పేరు ఒక్కటే మాట.

డెస్క్ మీద పనిచేసినవాడికి ఆ ఆకాశం చూస్తే గుండె ఆగినట్లవుతుంది. మా జిల్లా పేజీలో బొటనవేలంత ఖాళీ మిగిలినా అక్కడో 'సంక్షిప్తం' దోపేవాళ్లం. శివ్వంపేటలో పశువైద్య శిబిరం, టేక్మాల్‌లో రైతు సదస్సు. ఖాళీ వదిలితే పొద్దున ఎడిషన్ ఇన్‌ఛార్జి ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపేవాడు. ఈ పోస్టర్ వేసినవాడెవరో నాలుగు రంగులు పట్టుకుని, సగం కాగితం వదిలేసి, ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. అయినా చూసినవాడికి చెప్పులు వేసుకోవాలనిపిస్తుంది.

ఈ మధ్య ఇవి ఇళ్లలోకి బాగా వచ్చాయి. హైదరాబాద్‌లో నా పాత సహోద్యోగి ఫ్లాట్‌లో సోఫా మీద మూడు వరుసగా పెట్టారు. కాఫీ హోటళ్లలో చూస్తున్నాను. ఫోన్లో ఆర్డర్ పెడితే ఫ్రేముతో సహా ఇంటికి వస్తున్నాయి. దిండు గలీబుల మీద కూడా అచ్చేస్తున్నారు. ఎందుకింత నచ్చుతున్నాయని నా సహోద్యోగిని అడిగితే, "చూడనీకి బాగుంటయ్, దుమ్ము దులిపితే చాలు" అన్నాడు. అతను చెప్పినదాంట్లో నిజముంది. ఫొటో అయితే దగ్గరికి పోయి చూడాలి. ఇవి గది అవతలి మూల నుంచే అందుతాయి. రంగు పక్కన రంగు, మధ్యలో గీత లేదు. మనుషులున్నా వీపులే కనిపిస్తాయి, కాబట్టి ఎవరూ మనల్ని చూస్తున్నట్లుండదు. ఆ రైలుకు జనరల్ బోగీ లేదు, పొగ మాత్రం తెల్లగా, దూదిలా ఉంటుంది. ఆ కాలంలో మా తాతలాంటి వాళ్లను పిలవడానికి వేసినవి కావవి. తెల్లదొరలనూ దొరసానులనూ పిలవడానికి వేశారు. ఆ సంగతి తెలిసే ఇష్టపడ్డాను. మనల్ని పిలవని పెండ్లి పందిరి ముందు నిలబడి లైట్లు చూసినట్లు.

ముప్పై ఏళ్లలో నేను ఆ గొట్టం మూత తీసింది పదిసార్లు ఉంటుందేమో. ఏ ఇంట్లో తగిలించాలన్నా కావలసిన చోట మొల లేదు.

పోయిన ఏడాది రిటైరయ్యాను. అప్పట్నుంచి కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున లేచి పేపర్ చదివి, తప్పులకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, తొమ్మిది కాకముందే ఆ రోజు పని అయిపోయేది. హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి వరండాకు. వరండాలో నా భార్య మిషన్ ఉంటుంది, దాని చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఉంటారు. నేను రాగానే వాళ్ల మాట ఆగేది. మళ్లీ లోపలికి. చౌరస్తాకు పోయి చాయ్ తాగి వస్తే అరగంట గడిచేది. ఖిల్లా ఎక్కి దిగితే ఒక పూట. ఆ తర్వాత?

అప్పుడే ఆదిలాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర ట్రైనీగా చేరి, ఇప్పుడు ఒక చిన్న పత్రికకు అక్కడ ఎడిషన్ చూస్తున్నవాడు చేశాడు. డెస్క్‌లో అందరూ కొత్తవాళ్లని, పేజీ నిలబెట్టే మనిషి కావాలని, రెండేళ్ల కాంట్రాక్టని చెప్పాడు. "అన్నా, నువ్వొస్తే నేను నిశ్చింతగా పంటా. సోమవారం వరకు చెప్పు."

సరే అనడానికి నోరు తెరిచాను. వరండాలో మిషన్ చప్పుడు వినిపించి, "చూసి చెప్త" అన్నాను.

ఆమెకు చెప్పలేదు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. చెప్పడానికి పోతే ఎవరో ఒకరు కొలతలు ఇస్తూ ఉండేవాళ్లు. ఎవరూ లేనప్పుడు నేనే వెనక్కి తిరిగేవాణ్ని. మూడో రోజు ఏం తోచక రేకు గొట్టం దించి, కొండ పోస్టర్ తీసుకుని ఫ్రేము కట్టించడానికి చౌరస్తా దగ్గరి దుకాణానికి పోయాను. ఆదిలాబాద్ పోవాలనుకుంటున్నవాడు ఫ్రేము ఎందుకు కట్టించాడని ఎవరన్నా అడగొచ్చు. చేతులకు ఏదో ఒక పని కావాల్సి వచ్చింది.

ఆ దుకాణంలో గోడ నిండా దేవుళ్లు, పోయినవాళ్లు. వేరే రకం పని అతనికి రాదు. నేను గొట్టం బల్ల మీద పెట్టగానే అటు చూడకుండానే కొలబద్ద అందుకుని అడిగాడు.

"ఎవరు పోయిండ్రు సార్?"

"ఎవరూ పోలే."

"పోకపోతే ఫ్రేమ్ ఎందుకు?" అంటూనే కాగితం విప్పి చూశాడు. కొండను చూశాడు, రైలును చూశాడు. అతని ముఖంలో జాలి కనిపించింది. "అయ్యో. రైల్వేల పని చేసేటోడా?"

"ఎవరు?"

"గదే, పోయినాయన."

"పోయినాయన ఎవరూ లేడయ్యా. ఇది ఇంట్ల గోడకు. ఉత్తగ. చూడనీకి."

"ఉత్తగనా?" అతను నమ్మలేదు. ఇంటి మనిషి పోతే కొంతమంది ఒప్పుకోవడానికి కొన్నాళ్లు పడుతుందని అతనికి అనుభవం. "సరే సార్, మీ ఇష్టం. పేరు, తారీఖులు తర్వాతనైన రాసియ్యుండ్రి, చీటి అంటిస్త."

మర్నాడు పోతే ఫ్రేము చాలా చక్కగా కట్టాడు. పైన మధ్యలో చిన్న ఎర్ర బల్బు పెట్టి, రెండు మూలలకూ దండ వేయడానికి కొక్కేలు బిగించాడు. "లైట్‌కు పైసలు వద్దు సార్, నా తరఫున," అన్నాడు. తీసెయ్యమనడానికి మనసు రాలేదు.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. వరండాలో నా భార్య మిషన్ మీద ఉంది. వెనక గల్లీ ఆమె, మాకు వరసకు చెల్లెలు లెక్క, జాకెట్ కోసం వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. ఫ్రేమును, బల్బును చూసి ఆమె లేచి నిలబడి చెంగు సర్దుకుంది. చేతులు జోడించి కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరిచి, "ఏ దేవుని గుట్ట అన్నా ఇది? మన ఏడుపాయల అమ్మవారి కాడ గిట్ల లేదు. దూరం ఉంటదా?" అని అడిగింది.

"దేవుడు లేడమ్మా. ఉత్త గుట్టే."

"దేవుడు లేని గుట్టకు లైటెందుకు పెట్టిచ్చినవ్?"

నా భార్య నవ్వలేదు. పాదం ఆపి, మెడలోని టేపు తీసి పక్కన పెట్టింది. "పోయినోళ్ల ఫొటోకు పెడ్తరు గద లైటు," అంది. "సారు నౌకరి పోయింది. దానికి పెట్టిచ్చుకున్నడు."

వెనక గల్లీ ఆమె ఒకసారి నా వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది. "వదినా, జాకెట్ రేపొచ్చి తీస్కుంట," అని దిగిపోయింది.

ఫ్రేమును హాల్లో సోఫా మీద నిలబెట్టాను. ఆమె నా వెనకే వచ్చింది.

"ఏంది, ఇది ఇల్లా టేషనా? ఇంక ఎనిమిది ఉన్నయి గద డబ్బాల. అవి కూడ పెట్టుండ్రి. ఒక బెంచేసి, ఒక కుండ పెడితే వెయిటింగ్ రూమే."

"బాగలేదా?"

"బాగుంది. మస్తుంది. ఎప్పుడు ఆదిలాబాద్?"

నేను కొండ వైపు చూశాను. అంతకంటే చూడడానికి ఏమీ లేదు.

"మీ తమ్ముని పెండ్లాం ఫోన్ చేసింది," అందామె. ఆదిలాబాద్ ఎడిటర్ భార్య. నిజామాబాద్‌లో ఉన్నప్పుడు నా భార్య దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. "మూడు దినాలాయె. 'అక్కా, మిషిన్ పెట్టుకునేటందుకు ముందట రూమ్ ఉన్న ఇల్లు చూడాల్నా' అని అడుగుతుంది. నాకేం తెల్సు? ఇంటాయన చెప్పలే. ఊరోళ్లు చెప్తే ఇన్న."

"చెప్పాలనే అనుకున్న. ఇంకా ఏం అనుకోలే."

"అనుకోకుంటే పొద్దుటి నుంచి ఎందుకట్ల తిరుగుతున్నరు? ఇయ్యాల ముప్పై మాట్ల వచ్చి పోయిండ్రు. పోంగ తగులుతున్నరు, రాంగ తగులుతున్నరు. దారం రెండు మాట్ల తెగింది."

"రెండేండ్లే. కూసుంటే పానం కొట్టుకుంటున్నది. నాకేం పని ఉంది ఇక్కడ?"

"మీకు లేదు. నాకుంది." ఆమె గొంతు పెంచలేదు. "పదకొండు ఇండ్లు మారినం. ఒక్క ఊరన్న తిరిగినమా? నిజామాబాద్ల ఉన్నన్ని దినాలు ఆ ఖిల్లా ఏ దిక్కున్నదో నేను చూడలే. ఆ ఊరి ఆడోళ్ల భుజాలు ఎంత వెడల్పో మాత్రం చెప్తా. వరంగల్ చూసిన్నా? సామాన్ లారీలకెళ్లి చూసిన. మీరేమో రైలు బొమ్మలు జమ చేసిండ్రు. ఏ బొమ్మల ఊరికన్న పోయినమా?"

పోలేదు. సెలవు పెడితే పేజీ ఎవరు చూస్తారు అనుకునేవాణ్ని. ఆమె అడగలేదు కూడా. లేదా అడిగితే నాకు వినిపించలేదేమో.

"ఇగో ఇనుండ్రి," అంది. "ఈ బొమ్మను సోఫ మీద పెట్టుడు లేదు. మొల కొట్టుండ్రి. ఎక్కడ కొడతరో మీ ఇష్టం. కొడితే మాత్రం ఇగ ఉండుడే. ఉండనీకి మనసు లేకపోతే మళ్ల డబ్బాల పెట్టుండ్రి. ఆదిలాబాద్ల ఓనర్ కూడ మొల కొట్టనియ్యడు."

అది శుక్రవారం. సోమవారానికి మధ్యలో రెండు రోజులు.

శనివారం సాయంత్రం నడుచుకుంటూ మా స్టేషన్‌కు పోయాను. మెదక్‌కు రైలు వచ్చిన కొత్తలో జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూడడానికి పోయేవాళ్లు. ఇప్పుడు పనున్నవాళ్లే పోతున్నారు. ప్లాట్‌ఫాం పొడవునా ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాను. కాచిగూడ పోయే బండి నిలబడి ఉంది. లోపల కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. మనోహరాబాద్‌లో దిగాలంటున్న ఒక ముసలాయన, బండి అక్కడ ఆగుతుందా లేదా అని ముగ్గురిని అడిగి ముగ్గురినీ నమ్మక, నా దగ్గరికి వచ్చి నాలుగోసారి అడిగాడు. ఆగుతుందన్నాను. నన్ను కూడా నమ్మలేదు. బండి కదిలినప్పుడు నా కాళ్లు రెండడుగులు దానితో పాటు వేశాయి. ఆపుకున్నాను. బండి పోయాక పట్టాల మీద ఒక చిప్స్ కవర్ కొంచెం దూరం దొర్లింది.

ఆదిలాబాద్ డెస్క్ ఎలా ఉంటుందో నాకు చూడకుండానే తెలుసు. ట్యూబ్‌లైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫోన్లో అరుస్తున్న విలేకరులు. సాయంత్రం ఐదయ్యేసరికి ఒంట్లోకి ఒక వేడి వస్తుంది. అది నాకు కావాలి. కావాలనుకోవడం తప్పని ఎవరన్నా చెప్పినా నేను ఒప్పుకోను. ఇంటికి వచ్చేటప్పుడు దాదాపు నిర్ణయించుకున్నాను కూడా. ఆమె ఇక్కడే ఉంటుంది, నేను వారానికోసారి వస్తాను. అందరూ అలా చేయడం లేదా?

ఆదివారం మధ్యాహ్నం ఆమె పెండ్లి జాకెట్లు అప్పజెప్పడానికి పోయింది. ఇంట్లో నేనొక్కణ్నే. ఇటూ అటూ తిరుగుతూ మిషన్ దగ్గర ఆగాను. కొలతల పుస్తకం తెరిచి ఉంది, మెదక్ పుస్తకం. చదివే వస్తువేదైనా కనిపిస్తే చదవకుండా ఉండలేను. వంగి చదివాను.

ఆమె పేర్లు రాయదు. 'చర్చి పక్క టీచరమ్మ', 'పోలీస్ క్వార్టర్ అక్క', 'బోరు కాడి కోడలు'. వాళ్ల పక్కన అంకెలు. బోరు కాడి కోడలు దగ్గర ఛాతీ కొలత కొట్టేసి, పక్కన పెద్ద అంకె వేసి ఉంది. దాన్నీ కొట్టేసి ఇంకోటి. కింద చిన్నగా 'ఏడో నెల' అని రాసి ఉంది. దాని కింద మళ్లీ తగ్గిన అంకె, 'బాబు'. టీచరమ్మది రెండుసార్లు తగ్గింది, పక్కన 'షుగర్'. వెనక గల్లీ ఆమె కూతురిది ఆర్నెల్లలో పొడవు మారింది.

నేను లోపలికి పోయి పాత పుస్తకాల మూట విప్పాను. కరీంనగర్ తీశాను, ఖమ్మం తీశాను, బోధన్ తీశాను. పేజీలకు పేజీలు తిప్పాను. ఒక్కో మనిషికి ఒక్కో కొలత. ఎక్కడో ఒకటీ అరా తప్ప కొట్టివేతలు లేవు. ఎవరినీ రెండోసారి కొలిచేదాకా మేం ఉండలేదు.

ముప్పై ఏళ్లు కొట్టివేతలు చూసి బతికిన మనిషిని. కొట్టివేత అంటే తప్పు అనే అనుకున్నాను. ఆ పుస్తకం పట్టుకుని చాలాసేపు నేల మీదే కూర్చున్నాను. ఎన్నాళ్ల తర్వాతో అంతసేపు కూర్చోవడం. తర్వాత మూట ఎలా ఉందో అలాగే కట్టి, కరెంటు పని చేసే అతనికి ఫోన్ చేశాను.

"మొల కొట్టాలె. రేపొస్తవా?"

"మొలలు పడయి సార్ మీ గోడకు. కాంక్రీట్ ఇటుకది. వంకర పోతయి. డ్రిల్ చెయ్యాలె. ఎన్ని?"

"ఒకటి," అన్నాను.

సోమవారం పొద్దున అతను డ్రిల్ మిషన్‌తో వచ్చేసరికి నా భార్య ఇడ్లీలు దించుతోంది. బయటికి వచ్చి అతన్ని చూసింది, అతని చేతిలో మిషన్ చూసింది, నన్ను చూసింది.  చేతులు కొంగుకు తుడుచుకుని గుమ్మం దగ్గర నిలబడింది.  ఉండిపోతున్నానని నేను నోటితో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"ఫ్రేమ్ పట్టి చూపియ్యుండ్రి సార్, గుర్తు పెట్టుకుంట," అన్నాడతను. నేను ఫ్రేమును రెండు చేతులతో ఎత్తి సోఫా పైగోడకు ఆనించాను. అద్దంతో బాగా బరువుంది. అతను పెన్సిల్ కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. అప్పుడే టీపాయ్ మీద నా ఫోన్ మోగింది.

నా భార్య పోయి చూసింది. "మీ తమ్ముడు," అంది. "చేస్తుండు. ఎత్తుతరా?"

"చేతులు ఖాళీ లేవు."

"ఫ్రేమ్ దించుండ్రి మరి."

దించలేదు. "స్పీకర్ పెట్టు," అన్నాను.

ఆమె ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పట్టుకుంది. "అన్నా!" అని వినిపించింది. "ఇయ్యాల సోమవారం. ఎన్నడొస్తున్నవ్? ఇల్లు కూడ చూసిన. ముందట రూమ్ ఉంది."

"తమ్మీ, నేను వస్తలే."

"అట్లనకు అన్నా. పైసల ముచ్చటైతే నేను మేనేజ్‌మెంట్‌తో మాట్లాడ్త."

"అది కాదు."

"మరి ఇంకో వారం తీస్కో. ఆలోచించు."

ఇంకో వారం. సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరికీ ఏమీ తేల్చి చెప్పకుండా ఇంకో ఏడు రోజులు ఇటూ అటూ నడవొచ్చు. భుజాలు లాగుతున్నాయి. నా భార్య నా ముఖం చూడడం లేదు, ఫోన్‌నే చూస్తోంది. అందులో ఆ మనిషి కనిపిస్తున్నట్లు.

"ఆలోచించేదేం లేదు," అన్నాను. "మొల కొడుతున్న."

 అతనూ ఇన్నేళ్లుగా కిరాయి ఇళ్లలోనే ఉన్నాడు.

"సొంత గోడకా?"

"ఆఁ."

"మంచిది అన్నా," అన్నాడు.  "మరి ఈ పిల్లలకు పేజీ పెట్టుడు ఎవలు నేర్పాలె? నువ్వైతే..."  అతను ఇంకొక్క మాట అంటే ఏమయ్యేదో చెప్పలేను.

నా భార్య ఫోన్‌ను తన వైపు తిప్పుకుంది. "తమ్మీ, మీ ఇంటామెకు చెప్పు, ఇల్లు చూడొద్దని. ఇక్కడికి రమ్మను ఒకసారి, రైలుంది ఇప్పుడు. కొలతలు మారి ఉంటయి, మళ్ల తీస్కుంట." కట్ చేసి టీపాయ్ మీద పెట్టింది.

కరెంటు అతనికి పెన్సిల్ దొరికింది. "ఇక్కడేనా సార్?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె వెనక్కి నడిచి, ఎదురు గోడకు వీపు ఆనించి నిలబడింది. తల ఒక పక్కకు వంచింది.

"ఎడమకు," అంది.

జరిపాను.

"ఇంకా జర. కిందికి. మరీ అంత కిందికి కాదు."

"చేతులు గుంజుతున్నయి."

"గుంజనియ్యుండ్రి. ఒక్కసారి కొట్టినంక మళ్ల తీసుడు ఉండది." ఆమె కళ్లు చికిలించి కొండను చూస్తోంది. నాకు తెలిసి ఆ బొమ్మను ఆమె అంత పరీక్షగా చూడడం అదే మొదటిసారి. "ఆ రైలు యాడికి పోతున్నది?"

"ఆ గుట్టల మీది ఊరికి."

"సలి ఉంటదా ఆడ?"

"మస్తుంటది."

"మరి స్వెటర్లు కొనాలె గద," అంది. తర్వాత కరెంటు అతనితో, "ఆగు తమ్మీ, అప్పుడే కొట్టకు. నేనింక చెప్పలే," అని, మళ్లీ తల వంచి చూడసాగింది.